ఊటనీళ్ళు – 14: సన్నచాప కింద మనిషి

పోయిన వారం మీరు నన్ను పట్నంలో ఆస్పత్రి వరండాలో వదిలేసి వెళ్ళారు. నేనేమీ అక్కడే కూర్చుండిపోలేదు. కాలిన ఒంటినిండా కట్లతో మా చెల్లెలు లూపే మంచం మీద ఉంది. దాని మొగుడు పెనాయా రెండు రోజుల కిందట చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. "ఆయన ఎక్కడున్నాడో చూసి రా అక్కా" అని అది నోరు కదపలేక కదిపి అడిగితే, ఆఖరి పడవ పట్టుకుని మా సవాయీ దీవికి తిరిగొచ్చాను.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి ఒక్క ముక్క. మా వైసినా ఊళ్ళో సముద్రపుటొడ్డున, నల్లరాళ్ళ మధ్య ఒక ఊట ఉంది. ఆటు వచ్చి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ సందుల్లోంచి తియ్యటి నీళ్ళు ఉబుకుతాయి. మా తాగుడు, స్నానం, పిల్లల తలంట్లు అన్నీ దాంతోనే. మూడు నెలల నుంచి ఆ నీళ్ళ మీద రంగురంగుల తెట్టు, ముక్కు పగిలే వాసన. మొత్తుకున్నాం, ఎవరూ పట్టించుకోలేదు. పదమూడు రోజుల కిందట పొద్దుగూకే వేళ లూపే స్నానానికి వెళ్ళి, రాయి మీద దోమలచుట్ట పెట్టి అగ్గిపుల్ల గీసింది. నీళ్ళు అంటుకున్నాయి. అవును, నీళ్ళే అంటుకున్నాయి. ఊటకి ఎగువన రోడ్డు పక్కనే మలాకీ పెట్రోలు బంకు ఉంది, అందులో భూమిలో పాతిన ట్యాంకుకి చిల్లు పడింది. సర్కారు ఇంజనీరు వచ్చి ట్యాంకు తోడించి, లోపలికి మనిషిని దింపి చూసి, దీన్ని తవ్వి పారెయ్యాల్సిందే అన్నాడు. అయితే మా ఇంటి నుంచి ఫిర్యాదు నిలబడితేనే ఆ మాటకి బలం. మేం క్షమించేశామంటే కాగితం అటకెక్కుతుంది, ట్యాంకు భూమిలోనే ఉంటుంది, మా ఊట చచ్చిపోతుంది. సంగతి ఇదీ. ఇక వినండి.

తెల్లవారుజామున కుక్క ఒకటే మొరుగుతుంటే లేచి, కొబ్బరాకు తెర పైకెత్తి చూశాను. సన్నగా వాన పడుతోంది. మా వాకిట్లో పదిమంది మగవాళ్ళు తలలు వంచుకుని బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. అందరికన్నా ముందు ఒక మనిషి. తల మీద నుంచి నేల దాకా సన్నచాప కప్పుకుని ఉన్నాడు. పట్టుగుడ్డలాంటి చాప, ఎవరో ఆడది ఏడాది కూర్చుని అల్లి ఉంటుంది. దాని ఎర్ర ఈకల అంచు మా వాకిటి బురదలో నానుతోంది.

ఇఫోగా! మా దీవుల్లో దీనికి మించిన క్షమాపణ లేదు. తప్పు చేసినవాడు చీకటి ఉండగానే వచ్చి, సన్నచాప కప్పుకుని, నష్టపోయినవాళ్ళ గుమ్మం ముందు కూర్చుంటాడు. ఇంటిపెద్ద బయటికొచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. అంతటితో పగ లేదు, పోలీసు లేదు, కోర్టు లేదు. ఎత్తకపోతే ఎండకి ఎండి, వానకి తడిసి అక్కడే కూర్చోవాలి. చాప ఎత్తే హక్కు మాది తప్ప లోకంలో ఇంకెవరికీ లేదు. ఎవరైనా చెయ్యి వేస్తే ఊరు వాణ్ణి బతకనివ్వదు.

వాళ్ళ పక్కన కట్టెలమోపు, పొయ్యిరాళ్ళు, అరిటాకులు పేర్చి ఉన్నాయి. అదీ ఆచారమే. మీకు కోపం తీరకపోతే మమ్మల్ని కాల్చుకు తినండి అని చెప్పడం. తాతల నాటి మాట, తెలుసు నాకు. అయినా ఆ కట్టెలు చూడగానే గుమ్మం దూకి బయటికొచ్చాను.

"లేవండి! ముందు ఆ కట్టెలు తియ్యండి నా వాకిట్లోంచి! నా చెల్లెలు కాలింది చాలలేదా మీకు? ఇంకా కట్టెలు మోసుకొచ్చారా?"

మలాకీ తరఫున మాట్లాడటానికి వచ్చిన ముసలాయన, వాళ్ళ మేనమామ, తల ఎత్తకుండానే అన్నాడు. "ఆచారం తల్లీ. తప్పు ఒప్పుకోవడానికి వచ్చాం."

"ఆచారం నాకు చెప్పకు మామా. ఊటలో పెట్రోలు కలపమని చెప్పిందా మీ ఆచారం? మూడు నెలలు మీ బంకు చుట్టూ తిరిగాం. 'సముద్రంలో పడవల నూనె, మా బంకుది కాదు' అన్నాడు మలాకీ. చేతులు కాలాక ఆకులు పట్టుకుని వచ్చారా? కాలింది మీ చేతులు కూడా కాదే! నా లూపే చేతులు!"

పక్కింటి తిలేసా అత్త అప్పటికే తన అరుగు మీద కోకో గిన్నెతో సర్దుకు కూర్చుంది. డెబ్భై రెండేళ్ళు ఆవిడకి. మా ఊరి ఆడవాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద. "అరువే పిల్లా, ఇంకా గట్టిగా అరువు. మెల్లగా చెప్తే ఏం ఊడిపడింది గనక?" అంది.

మా అన్నయ్య లెయావా లోపల్నుంచి వచ్చాడు. మా ఇంటి పెద్దరికం, బిరుదు రెండూ ఆయనవే. చాప ఎత్తాల్సింది ఆయనే. అంత పొద్దున్నే తలకి నూనె రాసుకుని, ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. నేను చూశాను కానీ ఆ కోపంలో దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

"గొంతు తగ్గించు ఫువాతీనో. ఊరంతా వింటోంది."

"వినాలనే అరుస్తున్నా."

"వచ్చినవాడు తల వంచి వచ్చాడు. వానలో తడుస్తున్నాడు. నాన్న ఉంటే ఈపాటికి చాప ఎత్తేసేవాడు. సూర్యుడు పైకి రాకముందే ముగిద్దాం, అందరికీ మర్యాద."

"ఎవరి మర్యాద అన్నయ్యా? నువ్వు చాప ఎత్తిన మరుక్షణం మన ఫిర్యాదు చచ్చిపోతుంది. ఆ ట్యాంకు అక్కడే ఉంటుంది. చిల్లుకి లోపల్నుంచి ఒక రేకుముక్క అతికించాడట మలాకీ. మిగతా అడుగంతా పండుటాకులా ఉందని ఇంజనీరే చెప్పాడు. రేపు ఇంకోచోట కారుతుంది. రేపు ఇంకొకరి పిల్ల కాలుతుంది. అప్పుడు ఇంకో చాప తెస్తాడా?"

"ఆలోచిద్దాం. ముందు ఇది కానీ."

"ఎత్తకు. నీ తోడబుట్టినదాన్ని చెప్తున్నా, ఎత్తకు."

అన్నయ్య చెయ్యి ఆగిపోయింది. మా దగ్గర అన్న ఎంత పెద్దవాడైనా తోడబుట్టినదాని మాట దాటడు. ఆడపడుచు ఉసురు తగిలితే వంశం ఎండిపోతుందని భయం. ఆ హక్కు నేను నా బతుకులో రెండోసారి వాడాను. మొదటిసారి ఏమైందో ఆరో భాగం చదివినవాళ్ళకి తెలుసు.

నేను ఇంటి స్తంభానికి ఆనుకున్నాను. ఆ స్తంభం అన్నయ్య నిలబెట్టిందే. పడవలు, ఇళ్ళు కట్టడంలో ఆయన్ని మించినవాడు ఈ ఒడ్డున లేడు. మా ఇంట్లో ఎక్కడా ఇనుపమేకు కనబడదు, అన్నీ చెక్కచీలలే. ఆయన కొట్టిన ప్రతి చీల తల మీదా ఒక నిలువుగాటు, దాన్ని ఒరుసుకుంటూ ఒక ఏటవాలు గాటు ఉంటాయి. అది నాన్న నేర్పిన గుర్తు. కోపం వచ్చినా ఏడుపు వచ్చినా బొటనవేలితో ఆ గాట్లు తడుముతూ నిలబడటం నాకు చిన్నప్పటి అలవాటు. అలా తడుముతూ చాప వైపు చూస్తుంటే దాని అంచు కింద పాదాలు కనబడ్డాయి.

మలాకీ పాదాలు నాకు తెలుసు. ఆక్లండ్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆయన తెల్ల మేజోళ్ళు లేకుండా బయటికి రాడు. ఇవి వెడల్పాటి పాదాలు, మడమలు బీటలు వారినవి. పక్కనే రబ్బరు చెప్పులు విప్పి ఉన్నాయి. ఎడమ చెప్పు వారు తెగితే రాగితీగతో కుట్టి ఉంది. ఆ తీగ నేనే కుట్టాను. మా లూపే కుట్టిపెట్టమంటే, మా ఇంటి అరుగు మీద కూర్చుని.

"పెనాయా!"

పాదాలు చాప లోపలికి ముడుచుకున్నాయి.

"పెనాయా, నువ్వేనా? నోరు విప్పు!"

"నేనే వదినా" అంది చాప.

ఆ క్షణాన నాకు వచ్చిన కోపానికి పేరు లేదు. కట్టుకున్న పెళ్ళాం పట్నంలో చావుబతుకుల్లో ఉంటే, మలాకీ చాప కప్పుకుని మలాకీకి బదులు కూర్చున్నాడా వీడు! ఒక పొయ్యిరాయి చేతికి వచ్చింది. విసిరేదాన్నే. తిలేసా అత్త కోకో గిన్నె కింద పెట్టి, "ఆగవే. కొట్టేముందు అడుగు. కొట్టాక వాడు చెప్పలేడు" అంది. రాయి పట్టుకునే అడిగాను.

"నీ పెళ్ళాం ఇంటికి నువ్వే ఇఫోగా పట్టుకొస్తావా? సిగ్గుందా? మలాకీ ఎక్కడ?"

"చిల్లు పెట్టింది నేను వదినా. మలాకీ కాదు."

అన్నయ్య "చాలు, ఇవన్నీ ఇప్పుడెందుకు" అని ముందుకొచ్చాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"చెప్పు. ఎలా పెట్టావు?"

పెనాయా చాప కిందే చెప్పాడు. మొహం కనబడని మనిషి గొంతు వింటుంటే ఒకలా ఉంటుంది, ఎప్పుడైనా విన్నారా? ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది.

పందొమ్మిదేళ్ళుగా బంకులో ట్యాంకు కొలిచే పని వాడిదే. పొద్దున ఆరింటికి మూత తీసి, పైపులోంచి కొలకర్ర కిందికి వదులుతాడు. ఇత్తడి తొడుగు వేసిన పొడుగాటి కర్ర, దాని మీద అంకెలు కాల్చి ఉంటాయి. తడి ఎంతవరకు అంటిందో చూసి, లోపల ఎంత పెట్రోలుందో చెప్తాడు. కర్రని మెల్లగా దించొచ్చు. మా ఊళ్ళో అలా దించరు. పనిలో చేరిన రోజున మలాకీ తండ్రి చెప్పాడట, అడుగు తగిలిన చప్పుడు వినేదాకా కర్రని నమ్మొద్దని. అందుకని పెనాయా కర్రని వదిలేసేవాడు. టక్. పొద్దున ఒకసారి, మూసేటప్పుడు ఒకసారి. రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళు ఆ టక్ వినే పొయ్యి రాజేసుకునేవాళ్ళు. "మన పెనాయా కొలత వేలెడు తేడా రాదు" అని ఊరు మెచ్చుకునేది. లూపే కూడా మురిసిపోయేది.

"లోపలికి దిగిన మనిషి చూశాడు వదినా. చిల్లు సరిగ్గా ఆ పైపు కిందే ఉందట. నా బొటనవేలంత, గుండ్రంగా. ఇంజనీరు నన్ను పిలిచి చూపించాడు. ఇనుము మీద తుప్పు పట్టిన చోటే నేను రోజూ పొడిచానట. తుప్పు రాలిపోతే మళ్ళీ కొత్త తుప్పు. వేరే ఊళ్ళలో ఆ పైపు కింద మందంగా ఇంకో రేకు వేస్తారట. ఇక్కడ వెయ్యలేదు. నాకు తెలీదు. పందొమ్మిదేళ్ళు. రోజుకి రెండుసార్లు. నేనే పొడిచాను. నా చేత్తోనే నా లూపేని..."

నా చేతిలో రాయి కింద పడింది. ఎవరిని తిట్టాలో తెలియని కోపం కన్నా బరువు ఇంకోటి లేదు. పదమూడు రోజులుగా నేను ఒక దుర్మార్గుణ్ణి వెతుకుతున్నాను. దొరికింది ఎవరయ్యా అంటే, పని ఒళ్ళు దాచుకోకుండా చేసిన మా మరిది.

మలాకీ మేనమామ సందు దొరికిందని అందుకున్నాడు. "విన్నావుగా తల్లీ. దేవుడి ముందు అందరం ఒకటే. మీ మనిషి చేతి పొరపాటు, మా బంకు. ఎవర్ని ఎవరు తప్పుపడతాం? ఈ చాప ఎత్తితే రెండిళ్ళకీ..."

"ఉండు మామా" అన్నాను. మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంటోంది. "పెనాయా, చిల్లు పడితే పెట్రోలు తగ్గాలి. నీ కొలత వేలెడు తేడా రాదుగా. మూడు నెలలు రాత్రింబవళ్ళు కారుతుంటే నీ కర్రకి తెలియలేదా?"

చాప ఇంకా కిందికి వంగింది.

"కొలకర్ర ఏదీ?"

"తెచ్చాను వదినా. కట్టెల్లో ఉంది."

కట్టెలమోపు విప్పాను. మధ్యలో ఉంది, నున్నగా, వాడి అరచేయి పట్టి పట్టి నల్లబడిన కర్ర. అడుగున కొత్త ఇత్తడి తొడుగు తళతళలాడుతోంది. తొడుగు పై అంచు దగ్గర కాల్చిన అంకె చూశాను. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. ఒకటి లేదు, రెండు లేదు. ఎనిమిది! కర్ర ఎనిమిది దగ్గర మొదలవుతోంది.

నేను ఇరవై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. అడుగున ఏడు అంకెలు కోసేసిన కర్రని ట్యాంకులో దించితే, ఉన్నదానికన్నా ఏడు ఎక్కువ చూపిస్తుంది. అంటే ఏడు అంకెల మేర కారిపోయినా, ఏమీ తగ్గలేదనే చెప్తుంది. తనిఖీకి వచ్చినవాడు కొలిచినా అదే చెప్తుంది.

"ఎవరు కోశారు?"

"ఊట కంపు మొదలైన కొత్తల్లో, తెల్ల ఆదివారం పిల్లల పండక్కి ముందు మలాకీ పట్టుకెళ్ళాడు వదినా. అడుగు అరిగిపోయింది, బాగుచేయించి తెస్తా అన్నాడు. రెండు రోజులకి తెచ్చిచ్చాడు."

"నీకు తెలియలేదా పొట్టిదైందని?"

"పందొమ్మిదేళ్ళు పట్టుకున్న చేతికి తెలియదా వదినా?" వాడి ఏడుపు చాపని ఊపేసింది. "తెలిసింది. అడిగాను. 'నీకెందుకు, కొలిచి చెప్పడం నీ పని' అన్నాడు. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. లూపే ఊట నుంచి వచ్చి నీళ్ళు కంపు కొడుతున్నాయంటే, సముద్రందేలే అన్నాను. నేనే అన్నాను వదినా. టక్ అనడం తెలియక చేశాను. ఇది తెలిసి చేశాను. నన్ను తగలెట్టెయ్యండి."

అప్పుడు కొట్టాను. దాచను. చాప మీద నుంచే వీపు మీద రెండు దెబ్బలు వేశాను, పిడికిలి బిగించి. మూడో దెబ్బకి చెయ్యి లేవలేదు. తిలేసా అత్త దగ్గరికొచ్చి నా మణికట్టు పట్టుకుంది. "వాడికి తర్వాత తీరిగ్గా పెట్టొచ్చు. కర్ర కోయించినవాడు ఇంట్లో మేజోళ్ళు వేసుకుంటున్నాడే" అంది.

అప్పుడే రోడ్డు మీద బండి చప్పుడైంది. తలలు తిప్పి చూశాం. పెట్రోలు ట్యాంకర్, రేవు నుంచి వచ్చి, బంకు వైపు తిరుగుతోంది.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. సూర్యుడు రాకముందే చాప ఎత్తించెయ్యాలి. క్షమించామని ఊరంతా చూడాలి. ఆ వెనకే అతుకేసిన ట్యాంకు నింపెయ్యాలి. క్షమాపణకీ ట్యాంకర్‌కీ ఒకే ముహూర్తం పెట్టాడు మలాకీ! ఆ చాపని మూత చేసుకుందామనుకున్నాడు.

"పెనాయా, లే. ఆ చాప నీది కాదు. తీసి నాకు ఇవ్వు."

పదిమందీ ఉలిక్కిపడ్డారు. చాప కింద కూర్చున్నవాడు తనంతట తాను చాప తీయడం మా దీవుల్లో ఎవరూ కనీ వినీ ఎరగరు. "అరిష్టం!" అని మేనమామ లేచాడు. "ఫువా, వద్దు, నా మాట విను" అని అన్నయ్య నా భుజం పట్టుకున్నాడు. ఆయన అరచేతికి చెమటలు. పెనాయా మాత్రం మెల్లగా చాప తీశాడు. మొహం వాచిపోయి ఉంది, రెండు రాత్రులు నిద్ర లేని కళ్ళు. చాప నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో నాకు ఇచ్చాడు. ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఎవరూ క్షమించలేదు. మా ఫిర్యాదు బతికే ఉంది.

ఒక చంకలో చాప, ఇంకో చేతిలో కర్ర పట్టుకుని రోడ్డెక్కాను. తిలేసా అత్త ఒక్క కేక వేసింది. పొయ్యిల దగ్గర నుంచి ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. బంకు చేరేసరికి ముప్ఫైమందిమి అయ్యాం.

ట్యాంకర్ డ్రైవరు నేలలో ఉన్న ఇనుపమూత తీసి, లావుపాటి గొట్టం భుజాన వేసుకుని పైపు మూతికి తగిలించబోతున్నాడు. మలాకీ పక్కనే నిలబడి ఉన్నాడు, తెల్ల మేజోళ్ళతో. నన్ను చూసి నవ్వబోయాడు. నా చంకలో చాప చూసి ఆగిపోయాడు.

"చెల్లెమ్మా, అదేమిటి? అది మీ ఇంటి ముందు..."

"మీ చాప మీకే తెచ్చాను" అని, దాన్ని విదిలించి పరిచాను. పైపు మూతి మీద. ఎర్ర ఈకలు సిమెంటు మీద పరుచుకున్నాయి. చాప నడుమ, ఆ గుండ్రటి కన్నం మీదే కూర్చున్నాను. చాప కిందనుంచి పెట్రోలు వాసన నా బట్టల్లోకి ఎక్కింది.

"పిచ్చా నీకు? లే! అది పెట్రోలు!"

"తెలుసు. మూడు నెలలు తాగాం."

"ఆ చాప తీసెయ్యవయ్యా" అని మలాకీ డ్రైవరు మీద అరిచాడు.

డ్రైవరు అవతలి ఒడ్డు ఊరివాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఇఫోగా చాప మీద నేను చెయ్యి వెయ్యను బాబూ. మా అమ్మకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు. మీరూ మీరూ తేల్చుకోండి. నాకేం, ఎండ వచ్చేదాకా ఉంటాను." గొట్టం నేల మీద దించి, బండి మెట్టు మీద కూర్చున్నాడు.

"చాప ఎత్తే హక్కు మాది మలాకీ" అన్నాను. "నువ్వే కదా తెచ్చి మా వాకిట్లో పెట్టావు. ఎత్తం. ఈ ట్యాంకు పైకి తవ్వి తీసేదాకా ఎత్తం. నేను అలిసిపోతే తిలేసా అత్త కూర్చుంటుంది."

"నేను బరువు కూడాను" అంది అత్త. ఆడవాళ్ళు నవ్వారు. పదమూడు రోజుల తర్వాత మా ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వడం అదే మొదలు.

మలాకీ నవ్వలేదు. కోపంతో ఊగిపోతున్నాడనుకున్నాను, కాదు. నా భుజం మీదుగా రోడ్డు వైపు చూస్తున్నాడు. "నన్ను ఒక్కణ్ణే అంటే సరిపోదు చెల్లెమ్మా" అన్నాడు మెల్లగా. "ఆ కర్ర నేను కోయలేదు. నాకు రంపం పట్టుకోవడం రాదని ఊరందరికీ తెలుసు."

కర్ర నా ఒళ్ళో అడ్డంగా ఉంది. కోపంలో నా బొటనవేలు దాని అడుగున ఇత్తడి తొడుగు మీద తిరుగుతోంది. తొడుగుకి మేకు కొట్టలేదు. పెట్రోలులోకి ఇనుము దించకూడదుగా, పక్కన కన్నం చేసి చెక్కచీల బిగించారు. ఆ చీల తల మీద నా వేలు ఆగింది.

ఒక నిలువుగాటు. దాన్ని ఒరుసుకుంటూ ఒక ఏటవాలు గాటు.

చూడాల్సిన పని లేదు. నలభై ఏళ్ళుగా తడుముతున్న గాట్లు అవి. అయినా తల ఎత్తాను. ఆడవాళ్ళు పక్కకి తప్పుకుంటుంటే మా అన్నయ్య వస్తున్నాడు, తెల్లచొక్కా వానకి ఒంటికి అంటుకుపోయి ఉంది. ఆయన నా మొహం చూడలేదు. నా బొటనవేలు ఎక్కడుందో చూశాడు.

"అన్నయ్యా" అన్నాను. "ఈ చీల ఎందుకు కొట్టావు?"

లెయావా బిరుదున్న మనిషి, మా ఇంటిపెద్ద, ఊళ్ళో సగం ఇళ్ళు నిలబెట్టిన మనిషి, ఆ సిమెంటు మీద నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తల నేలకి వంచాడు. రెండు చేతులూ తల మీద కప్పుకున్నాడు, కప్పుకోవడానికి ఇంకేమీ లేక. చాప నా కింద ఉంది. చాప కింద ట్యాంకు నోరు ఉంది. నేను లేస్తే తప్ప ఆయనకి చాప లేదు.

డ్రైవరు మెట్టు మీద నుంచి లేచి, గొట్టం భుజానికెత్తుకున్నాడు. "ఏమ్మా," అన్నాడు, "లేస్తున్నావా?"